ఒక్క పేరు చాలన్న మాస్టారు

మా డ్రైవింగ్ మాస్టారు పోయారు. పోయిన నెల ఒక గురువారం పొద్దున నేను మా అమ్మాయి లంచ్ బాక్సు సర్దుతుంటే ఆంటీ ఫోన్ చేశారు. ఆంటీ అంటే మాస్టారి భార్య. “మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే. టీ పట్టుకెళ్లి పిలిచాను, పలకలేదు,” అన్నారు. ఆమె ఏడవడం లేదు. ఏడవడానికి ఇంకా తీరిక దొరకనట్టుంది. ఆ వెంటనే, “అప్పుడే అడుగుతున్నారు,” అన్నారు.

ఎవరు, ఏమని అడుగుతున్నారో నాకు చెప్పనక్కర్లేదు. మాస్టారిది ఇరాక్, బాగ్దాదు. అక్కడి ముస్లింలలో సున్నీలు, షియాలు అని రెండు మార్గాల వాళ్లున్నారు. కెనడాలోని మా కాల్గరీలోనూ ఎవరి మసీదు వాళ్లది. చనిపోయినవాళ్లకు స్నానం చేయించేది, నమాజు చదివించేది, ఆ తర్వాత మూడు రోజులూ ఆ ఇంటికి అన్నం పంపేది ఎవరి మనుషులు వాళ్లే. మాస్టారు ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ తాను ఏ మార్గం వాడో ఎవరికీ చెప్పలేదు. తాను పోయాక కూడా చెప్పొద్దని ఆంటీ దగ్గర మాట తీసుకున్నారు. చెప్పకపోతే రెండు వైపుల వాళ్లూ ‘మనవాడు కాదేమో’ అని ఆగిపోతే? ఉన్న ఒక్క కూతురూ స్వీడన్‌లో ఉంది, టికెట్ దొరికి వచ్చేసరికి ఎన్నాళ్లవుతుందో తెలియదు. ఆ పొద్దున ఆంటీ భయం అదే. నా భయమూ అదే. మాస్టారు తన పంతం నెగ్గించుకుని, ఆంటీని ఒంటరిని చేసి వెళ్లిపోయారేమో అనిపించి, పోయిన మనిషి మీద నాకు కోపం కూడా వచ్చింది.

మాస్టారు నాకు ఎలా పరిచయమయ్యారో చెబుతాను. నేను బి.ఫార్మసీ చదివాను. ఇక్కడికొచ్చిన చాలా రోజులకు ఊరవతల ఒక మందుల షాపులో పని దొరికింది. అక్కడికి బస్సు లేదు, ఈ ఊరి రైలు సీట్రెయిన్ అంతదూరం పోదు. లైసెన్సు వస్తేనే ఉద్యోగం. మొదట మా ఆయన నేర్పిస్తానన్నారు. రెండో రోజుకే ఆయన తలప్రాణం తోకకొచ్చింది, నా తలప్రాణం ఎక్కడికొచ్చిందో ఆయన అడగలేదు. ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం. మొగుడి దగ్గర స్టీరింగు, అత్తగారి దగ్గర సాంబారు నేర్చుకోకూడదని మా పక్కవీధి స్నేహితురాలు ముందే చెప్పింది, నేనే వినలేదు. మాస్టారి నంబరు ఇచ్చింది కూడా ఆవిడే.

మొదటి రోజు నేను నా పేరు, ఇంటిపేరు రెండూ చెప్పబోయాను. ఆయన అరచెయ్యి పైకెత్తి, “ఒక్క పేరు చాలమ్మా, పిలవడానికి,” అన్నారు. ఇంగ్లిషులోనే అన్నారు. ఆయన మాటలన్నీ నాకెందుకో తెలుగులోనే గుర్తున్నాయి, అందుకే ఇక్కడ అలాగే రాస్తున్నాను. నా పేరు కూడా ఎక్కువసార్లు పిలవలేదు. “బిన్తీ” అనేవారు. అరబ్బీలో ‘నా తల్లీ, నా కూతురా’ అన్నట్టు. నేను ఆయన్ని మాస్టారూ అంటే, ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, ఆ రోజు నుంచి ఫోనెత్తగానే “మాస్టారు మాట్లాడుతున్నా” అని తెలుగు ముక్కతోనే మొదలుపెట్టేవారు.

పేరు విషయంలో ఆయన పట్టింపు నాకు మొదట్లో వింతగా ఉండేది. మనకేమో కొత్త మనిషి కనిపిస్తే ముందు ఊరు అడగాలి, తర్వాత ఇంటిపేరు అడగాలి. ఇంటిపేరు చెప్పగానే మిగతాది లోపల్లోపలే లెక్క కట్టేసుకుంటాం. చుట్టరికం కలుస్తుందేమోనని అడిగామంటాం. అవతలివాళ్లూ నమ్మినట్టే నవ్వుతారు. సముద్రాలు దాటి మైనస్ ముప్పైలో బతుకుతున్నా ఈ ఒక్క అలవాటుకీ జలుబు కూడా చేయలేదు.

ఆ ఏడాది మా మామగారు కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. మాస్టారు కారు ఆపుకుని నా కోసం చూస్తుంటే మామగారు బయటికొచ్చి పరిచయం చేయమన్నారు. చేశాను. ఇరాక్ అనగానే మామగారు ఉత్సాహంగా, “ఒకసారి అడుగు బిడ్డా. వాళ్లల్ల రెండు రకాలుంటరంట గదా. ఈయన ఏ రకం?” అన్నారు. నేను నీళ్లు నమిలాను. మామగారు ఊరుకునే మనిషి కాదు, “అడుగు, ఏమనుకోడు తియ్” అని వెంటపడ్డారు. అడిగాను. మాస్టారు మామగారి వైపు తిరిగి చాలా గంభీరంగా జవాబిచ్చారు.

“మీ మామగారికి చెప్పు, నేను ఆటోమేటిక్ రకం. గేర్లు మార్చడం నా వల్ల కాదు.”

నేను తెలుగులో చెప్పగానే మామగారు కడుపుబ్బ నవ్వారు. మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు. ఆయన ఇక్కడున్నన్నాళ్లూ ఎండ కాసినప్పుడల్లా ఇద్దరూ మా గరాజు ముందు కుర్చీలేసుకుని టీ తాగేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే మామగారు, “షుగర్ గోళీల గురించి,” అన్నారు.

మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన ఫోర్‌వే స్టాప్ పిచ్చి తెలుసు. నాలుగు రోడ్లు కలిసేచోట సిగ్నల్ లేకుండా నాలుగు వైపులా స్టాప్ బోర్డులు పెడతారు. ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళ్లాలి, అంతే సూత్రం. నాకు అది ఒక పట్టాన పట్టుబడలేదు. నా వంతు వచ్చినా, ఎదుటి కారాయన ఏమనుకుంటాడోనని చేత్తో ‘మీరు వెళ్లండి’ అని సైగ చేసేదాన్ని. ఆయన నన్ను వెళ్లమనేవాడు. పెళ్లిపందిట్లో ‘ముందు మీరు కూర్చోండి, కాదు మీరే కూర్చోండి’ అన్నట్టు ఉండేది మా వ్యవహారం. వెనక కార్లు పేరుకునేవి. మాస్టారు విసుక్కోకుండా మళ్లీ అదే కూడలికి తీసుకొచ్చేవారు.

“మర్యాద వేరు, వంతు వేరు బిన్తీ. నీ వంతు నువ్వు తీసుకోకపోతే అందరూ తికమకపడతారు,” అనేవారు. ఒకరోజు అక్కడే కారు పక్కకు ఆపించి చాలాసేపు ఆ కూడలిని చూస్తూ కూర్చున్నారు. ఒక ట్రక్కు వచ్చింది, వెళ్లింది. ఒక ముసలావిడ వచ్చింది, వెళ్లింది. “చూశావా, ఎవరూ ఎవరి పేరూ అడగడం లేదు. ఈ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే,” అన్నారు. అప్పుడు నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు.

డిసెంబరులో అర్థమైంది. ఇక్కడ ఆ నెలలో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. పండగ రోజులని పోలీసులు రోడ్ల మీద ఆపి, తాగి నడుపుతున్నారేమో చూస్తుంటారు. మేం క్లాసు ముగించుకుని వస్తుంటే ముందు ఎర్ర, నీలం దీపాలు కనిపించాయి. కార్లు వరసగా ఆగుతున్నాయి. నేను మామూలుగా ఆపాను. పక్కకు చూస్తే మాస్టారు రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టి, కళ్లు కిందికి దించుకుని కూర్చున్నారు. “ఇంటిపేరు చెప్పకు,” అన్నారు గుసగుసగా. పోలీసు కుర్రాడు కిటికీలోంచి వంగి, ఏమైనా తాగారా అని అడిగాడు. లేదన్నాను. హ్యాపీ హాలిడేస్ అని పంపేశాడు. మాస్టారు మాత్రం చేతులు తీయలేదు. కాస్త ముందుకెళ్లి, ఆయన చెప్పకుండానే నేను కారు పక్కకు ఆపాను.

అప్పుడు చెప్పారు. అమెరికా సైన్యం బాగ్దాదులోకి రాకముందు ఆయన బడిలో జాగ్రఫీ పంతులు. సైన్యం వచ్చాక ప్రభుత్వం కూలింది, బళ్లు తెరిచేది తక్కువ, మూసేది ఎక్కువ అయింది. ఆయన టాక్సీ నడిపారు. రోజుకొక కొత్తచోట రోడ్డుకడ్డంగా మనుషులు నిలబడేవారు. అందరివీ ఒకేలాంటి బట్టలు, ఒకేలాంటి తుపాకులు. వాళ్లు అడిగేది ఒక్కటే, పూర్తి పేరు. కొన్ని పేర్లు సున్నీలవి, కొన్ని షియాలవి. ఏ పేరు చెబితే వదిలేస్తారో, ఏ పేరు చెబితే దింపేస్తారో అడిగేవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. అడిగేవాడు ఎవరో ముందు తెలియదు.

“మా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ లెక్కల పంతులుది. పేరు అడిగారు, చెప్పాడు. అంతే,” అన్నారు మాస్టారు. కాసేపటికి, “చాలా మంచి పేరు. వాళ్ల తాత పేరు పెట్టారు,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనే నా వైపు చూసి, కదిలే ముందు అద్దం చూసుకో, భుజం మీదుగా వెనక్కి చూసుకో అని పాఠంలో పడిపోయారు.

మూడోసారికి నాకు లైసెన్సు వచ్చింది. మొదటి రెండుసార్లూ ఫెయిలైనప్పుడు ఇంట్లో ఎవరికీ మొహం చూపించలేక మాస్టారి ఇంట్లోనే కూర్చున్నాను. ఆంటీ ఖర్జూరం పెట్టిన బిస్కెట్లు తినిపించారు. “రోడ్డు ఎక్కడికీ పోదు బిన్తీ. వచ్చే నెల కూడా ఇక్కడే ఉంటుంది,” అని మాస్టారు అన్న మాట, ఆ తర్వాత డ్రైవింగుతో సంబంధం లేని కష్టాల్లోనూ నాకు పనికొచ్చింది. ఈ రోజు నేను మంచులో డీర్‌ఫుట్ హైవే ఎక్కి, ట్రక్కుల మధ్య నుంచి పనికి వెళ్లొస్తున్నానంటే ఆ పుణ్యం ఆయనదే. నా జీతం, నా ధైర్యం, మా ఆయనతో సమానంగా వాదించే నోరు, అన్నిటిలోనూ ఆయన వాటా ఉంది. మూడోది మా ఆయన కూడా ఒప్పుకుంటారు.

పాఠాలు అయిపోయాక రాకపోకలు పెరిగాయి. నేను ఆవకాయ పంపితే ఆంటీ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండి పంపేవారు. ఒకసారి మాస్టారు బాగ్దాదులో తమ పెరట్లో ఉండే చెట్టు గురించి చెబుతూ ‘నారింజ్’ అన్నారు. మేమూ నారింజ అనే అంటాం అన్నాను. ఆయన నమ్మలేదు. మా అమ్మాయిని పిలిచి అడిగారు. అది పండు చూసి ‘ఆరెంజ్’ అంది. నా పరువు తీసింది.

ఆ నారింజ చెట్టు కథ ఇంకోసారి బయటపడింది. మూడేళ్ల కిందట మా తెలుగు సంఘంలో గొడవలొచ్చాయి. మొదలైంది ఉగాది భోజనాల దగ్గర, వంట కాంట్రాక్టు ఎవరికివ్వాలని. చినికి చినికి గాలివాన అయింది. మీ ప్రాంతం, మా ప్రాంతం అన్నారు. తర్వాత ప్రాంతాలు దాటి కులాల దాకా వెళ్లారు. వాట్సాప్ గ్రూపు రెండైంది, ఒకే రోజు రెండు హాళ్లలో రెండు ఉగాదులు పెట్టారు. నాది తెనాలి, మా ఆయనది కరీంనగర్. మా ఇంటికి రెండు పిలుపులూ వచ్చాయి. ‘మీరు ఎటు?’ అని ఫోన్లూ వచ్చాయి. ఈ సంగతి నవ్వుతాలుగా మాస్టారికి చెప్పాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు.

“మా వీధిలో ఎవరూ ఎవరినీ ఎటు అని అడిగేవాళ్లు కాదు. మా అమ్మది ఒక మార్గం, మా నాన్నది ఒకటి. ఇంట్లో రెండూ నడిచేవి. సైన్యం వచ్చి తలుపు పగలగొట్టింది. వీధుల మధ్య కాంక్రీటు గోడలు కూడా వాళ్లే తెచ్చి పెట్టారు. కానీ గోడకు ఇటెవరు, అటెవరు అని వేలు పెట్టి చూపించింది మేమే,” అన్నారు.

వాళ్ల వీధి ఒక మార్గం వాళ్లదైపోయింది. ఆంటీ తరఫువాళ్లు, ఆయన తరఫువాళ్లు ఒక్కొక్కరే ఒక్కో దేశం పట్టారు. మాస్టారు ఊరు విడవలేక, అప్పట్లో చాలామంది చేసిన పనే చేశారు. నగరం అవతలి వైపు అదే కష్టంలో ఉన్న ఒకాయనతో ఇల్లు మార్చుకున్నారు. వాళ్లు వీళ్లింట్లోకి, వీళ్లు వాళ్లింట్లోకి. గిన్నెలు, మంచాలు ఎక్కడివక్కడే. ముఖాముఖి కలిసింది తాళాలిచ్చుకున్నప్పుడు ఒక్కసారే. కానీ అవతలాయన నీళ్ల మోటారు వేయడం రాక ఫోన్ చేశాడు. మాస్టారు వాళ్ల గ్యాస్ పొయ్యి వెలగక ఫోన్ చేశారు. నారింజ కాసినప్పుడల్లా ఫోన్. మాస్టారు సిరియాకు, అక్కడి నుంచి కెనడాకు వచ్చినా ఆ ఫోన్లు ఆగలేదు. “ఒకరి ఇల్లు ఒకరికిచ్చి పోగొట్టుకున్నాం కదా, తోడబుట్టినట్టే,” అనేవారు. “మీది చిన్న గొడవ బిన్తీ. చిన్న గొడవను చిన్నగానే ఉంచడం కూడా పెద్ద పనే. నువ్వు చెయ్యి.”

నేను పెద్దగా ఏమీ చేయలేదు. ఆ ఉగాదికి ఒక హాల్లో పచ్చడి తిని, రెండో హాల్లో భోజనం చేశాం. ఎటు అని అడిగినవాళ్లకు మా ఆయన, “ఆకలి ఎటుంటే అటు,” అని చెప్పారు. మరుసటి ఏడు ఇంకో నాలుగు కుటుంబాలు అలాగే చేశాయి. సంఘం ఇంకా రెండుగానే ఉంది. భోజనాలు మాత్రం, రెండిటికీ వెళ్లేవాళ్ల కోసం, వేరువేరు రోజుల్లో పెడుతున్నారు. ఇంతకు మించి గొప్పలు చెప్పుకోను.

కిందటి ఏడు మాస్టారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్‌కు నేను తీసుకెళ్లేదాన్ని. పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో నొక్కేవారు. అలా వెళ్తున్న ఒక రోజే ఆ మాట వచ్చింది. వెనక సీట్లో ఆంటీ ఉన్నారు.

“నేను పోగానే నిన్ను అడుగుతారు. చెప్పకు,” అన్నారు మాస్టారు.

“నాతో ఎవరుంటారు మరి? నేనొక్కదాన్ని ఏం చేయాలి?” అన్నారు ఆంటీ.

“వచ్చేవాళ్లు వస్తారు.”

“రాకపోతే?”

“ఏ మార్గమో చెప్పించుకోవడానికే నా స్నేహితుణ్ని, ఆ లెక్కల పంతుల్ని, కారులోంచి దింపారు. నేను బతికుండగా చెప్పలేదు. చచ్చాక నీ నోటితో చెప్పకు,” అన్నారు మాస్టారు. అద్దంలో చూస్తే ఆంటీ తల ఊపారు.

ఆ గురువారం నేను వెళ్లేసరికి ఆంటీ ఫోన్ ముందే కూర్చుని ఉన్నారు. ఒక మసీదు పెద్దమనిషి మళ్లీ చేశాడు. స్పీకర్‌లో గొంతు మర్యాదగానే ఉంది. “తెలిస్తే పద్ధతిగా చేయిస్తామమ్మా, అందుకే అడుగుతున్నాం,” అన్నాడు. ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. “ఆయన పేరు మీకు తెలుసు కదా. ఆ పేరుతో చేయించండి. ఇంకేమీ చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నారు,” అన్నారు. రెండో మసీదుకూ అవే మాటలు చెప్పారు. ఫోన్ పెట్టేశాక అప్పుడు ఏడ్చారు. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. నాకు చేతనైంది అదొక్కటే.

మధ్యాహ్నానికి మొదటి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. “మా అబ్బాయికి డ్రైవింగ్ నేర్పింది ఆయనేనట. మా ఇమాం తనకు తెలిసినట్టు నమాజు చదివిస్తారు. వేరేగా చదివేవాళ్లు వేరేగా చదువుకోవచ్చు. ఎవరినీ ఏమీ అడగం,” అన్నాడు.

మర్నాడు శ్మశానంలో గాలి కత్తిలా ఉంది. ముందురోజు కురిసిన మంచు గట్టిపడి, అడుగు వేస్తే కరకరమంటోంది. నేను ఇరవైమంది వస్తే చాలనుకున్నాను. కార్లు గేటు బయట రోడ్డు దాకా ఆగాయి. ఆయన దగ్గర నేర్చుకున్న ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, పంజాబీలు, మా ఆయన ఒక పక్కన నిలబడ్డారు. నమాజు చదివే మగవాళ్లు వరసలు కట్టారు. ఆడవాళ్లం కాస్త వెనగ్గా ఉన్నాం. ఆంటీ నా చెవి దగ్గర మెల్లగా చెప్పారు. “చేతులు కట్టుకున్నవాళ్లను చూడు, వాళ్లు సున్నీలు. కిందికి వదిలేసినవాళ్లు షియాలు.” ఒకే వరసలో, భుజం భుజం ఆనించుకుని, కట్టిన చేతులూ వదిలిన చేతులూ కలిసిపోయి ఉన్నాయి.

ఇమాం నాలుగుసార్లు దేవుడి పేరు పలికి, తల కుడికీ ఎడమకూ తిప్పి ముగించారు. చేతులు కట్టుకున్నవాళ్లూ అలాగే ముగించారు. “వీళ్లకు అయిపోయింది. చేతులు వదిలినవాళ్లకు ఇంకొకటి ఉంది, ఐదోసారి,” అన్నారు ఆంటీ, నా వేళ్లు గట్టిగా పట్టుకుని. అంత చలి. చదవడం అయిపోయినవాళ్లు ఇటు తిరిగి కదిలితే చాలు, ఆయన జీవితమంతా చెప్పకుండా దాచింది అక్కడే, అందరి ముందూ రెండుగా విడిపోతుంది.

మిగిలినవాళ్లు పెదాలు కదుపుతూ తమ ఐదోది చదువుకుంటున్నారు. ముగించినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే, తల వంచుకుని నిలబడ్డారు. అందరిదీ పూర్తయ్యేదాకా మంచు మీద ఒక్క బూటు చప్పుడు వినపడలేదు.